ఎంగిలి – ప్రసాదము

తెలుగింట పుట్టిన బిడ్డ నడక నేర్చు దినములలోనే నేర్చుకొను మాటలలో ‘ఎంగిలి’ యొకటి. త్రాగిన గ్లాసును నీళ్లబిందెలో ముంచబోయినపుడు, అన్నము తిన్న చేతితో ఊరగాయ జాడీని ముట్టబోయినపుడు తల్లి నోట మొదట వచ్చు మాట అదియే. అది ఆజ్ఞ, అదియే హెచ్చరిక, అదియే కారణము. “ఎందుకు?” అని బిడ్డ అడిగినచో “ఎంగిలి గనుక” అనియే సమాధానము. మాటయే తనకు తాను కారణమై నిలిచిన చోట విచారణ మొదలు కావలెను. ఏలయన, ఈ మూడక్షరముల మాట ఒక యింట ఆరోగ్యమునకు కావలి కాయుచుండును; అదే యింటి వాకిట ఒక మనిషిని ఎన్నడును లోనికి రానీయక నిలిపియుంచును. ఈ రెండును ఒకటే ధర్మమా? లేక ఒకే మాట చాటున దాగిన రెండు వేరు వేరు సంగతులా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఆ మాట యెక్కడ పుట్టినదో, ఏ దారిని నడచి నేటి యర్థమునకు వచ్చినదో తెలిసికొనుట మేలు.

మాట పుట్టుక

‘ఎంగిలి’ సంస్కృతము నుండి వచ్చినది కాదు. ఇది ద్రావిడ భాషలకు సొంతమైన పదము. కన్నడమున దీనిని ‘ఎంజలు’ అందురు. తమిళమున, మలయాళమున ‘ఎచ్చిల్’ అందురు. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వెలువడినది. 1984లో దాని రెండవ ముద్రణము వచ్చినది. అందు ఈ పదములన్నియు ఒకే కుదురున చేర్చబడియున్నవి. ఆ కుదురునకు మూలమైన తమిళ ధాతువు ‘ఎంజు’. దాని యర్థము ‘మిగులుట’. దాని నుండియే ‘ఎచ్చము’ అను నామము పుట్టినది. ఎచ్చమనగా మిగిలినది, శేషము.

తమిళ వ్యాకరణమున ఈ ‘ఎచ్చము’ గౌరవస్థానమందే యున్నది. తానుగా ముగియక, మరియొక పదము కొరకు ఎదురుచూచు క్రియారూపమును అక్కడి వైయాకరణులు ‘ఎచ్చము’ అందురు. నామమును కోరునది ‘పెయరెచ్చము’, క్రియను కోరునది ‘వినైయెచ్చము’. తొల్కాప్పియమున పదములను గూర్చిన అధికారమందు కడపటి ప్రకరణమునకు ‘ఎచ్చవియల్’ అనియే పేరు. వ్యాకరణ పండితుడు ఈ మాటను ఉచ్చరించునపుడు అతని మనసున మైల యను భావము లేశమైనను లేదు. మిగులుట యను భావమొక్కటే యున్నది.

సంస్కృతమున దీనికి సరియైన పదము ‘ఉచ్ఛిష్టము’. అదియు అట్టిదే. ‘ఉత్’ అను ఉపసర్గము, ‘శిష్’ అను ధాతువు కలిసి ఏర్పడిన పదమది, మిగిలినదని యర్థము. ఆ ధాతువు నుండియే ‘శేషము’ వచ్చినది. ప్రళయానంతరము మిగిలియుండువాడు గనుక ఆదిశేషునకు ఆ పేరని పెద్దలు చెప్పుదురు. అథర్వవేదము పదునొకండవ కాండమున ఉచ్ఛిష్టమును స్తుతించు సూక్త మొకటి కలదు. యజ్ఞమున అర్పింపగా మిగిలిన దానియందే నామరూపములు, లోకములు, భూమ్యాకాశములు నిలిచియున్నవని దాని తాత్పర్యము. భగవద్గీత మూడవ యధ్యాయమును యజ్ఞశేషమును భుజించువారు పాపవిముక్తులగుదురని చెప్పుచున్నది. తనకొరకే వండుకొని తినుట అక్కడ దోషము. ఇతరులకు పెట్టి మిగిలినది తినుట పుణ్యము.

ఉత్తరదేశమున హిందీ మాటలాడువారు ఎంగిలిని ‘జూఠా’ అందురు. ఆ మాటకు మూలము సంస్కృతమందలి ‘జుష్టము’ అని భాషావేత్తల నిర్ణయము. జుష్టమనగా ఇష్టమైనది, ప్రీతితో స్వీకరింపబడినది. ప్రీతిని చెప్పు మాట కాలక్రమమున ఏహ్యతను చెప్పు మాటగా మారుట ఎంత విచిత్రము!

మూడు భాషల సాక్ష్యమును ఒకచోట చేర్చి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ఎంగిలి, ఉచ్ఛిష్టము, జూఠా అను పదముల వేరులలో మురికి లేదు, మైల లేదు, నోరు సైతము లేదు. మిగులుట యున్నది; ఇష్టమున్నది. మైల పదముతో పుట్టినది కాదు. తరువాత వచ్చి చేరినది.

అర్థము జారిన దారి

మైల యెట్లు చేరినది? అది ఒక్కనాటి పని కాదు; మెట్టు వెంట మెట్టుగా జరిగినది. మొదట ఎంగిలి యనగా తినగా మిగిలిన యన్నము. తరువాత ఆ యన్నమును తాకిన చేయి ఎంగిలి చేయి అయినది. ఆ యన్నమున్న విస్తరి ఎంగిలి విస్తరి, ఆ గిన్నెలు ఎంగిలి గిన్నెలు అయినవి. పిమ్మట పెదవి తాకిన నీరు ఎంగిలి యైనది. తమిళమున ఈ దారి యింకను ముందుకు సాగి, ‘ఎచ్చిల్’ అను మాటకు ఉమ్మి యనియే అర్థమేర్పడినది. వస్తువు నుండి చేతికి, చేతి నుండి నోటికి, నోటి నుండి ఉమ్మికి ఈ మాట ప్రయాణము చేసినది. కడపటి మెట్టు మాత్రము ఏ నిఘంటువునందును వ్రాయబడలేదు. అచ్చట ఎంగిలి ఉమ్మిని విడిచి మనిషికి అంటుకొన్నది. కొందరు ఏమియు తినకున్నను, ఏమియు త్రాగకున్నను, పుట్టుకతోనే ఎంగిలి యైనవారుగా చూడబడిరి.

అయినను తెలుగు పలుకుబడిలో ఈ మాట పాత మంచితనము పూర్తిగా చావలేదు. ఇంకను భోజనము చేయనివారు “ఇంకా ఎంగిలిపడలేదు” అందురు. అక్కడ ఎంగిలిపడుట యనగా కాసింత తినుట మాత్రమే. పరమలోభిని గూర్చి “ఎంగిలిచేత్తో కాకిని తోలడు” అని సామెత చెప్పుదురు. ఆ చేతిని విదలించినచో నాలుగు మెతుకులు రాలి కాకికి దక్కునేమో యని అతని భయమట! ఈ సామెతలో నింద ఎంగిలికి కాదు, ఆ నాలుగు మెతుకులు రాల్చలేని మనసుకు. తెలంగాణమున బతుకమ్మ పండుగ మొదటి దినమునకు ‘ఎంగిలిపూల బతుకమ్మ’ యని పేరు. ముందునాడే కోసి నిలువయుంచిన పూలతో పేర్చుటచేత ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. ఎంగిలిపూలనియే పిలిచి, ఆ పూలనే గౌరమ్మగా భావించి ఆడవారు చప్పట్లు చరచుచు చుట్టు తిరుగుదురు.

పిల్లల లోకమున ఇంకొక ముచ్చట కలదు. చేతిలో ఒక్క మామిడికాయయో, ఒక్క బెల్లపుముక్కయో యున్నపుడు, చొక్కా అంచును దానిపై కప్పి పంటితో కొరికి స్నేహితునకు పెట్టుదురు. దానిని ‘కాకెంగిలి’ యందురు. బట్ట అడ్డముండుటచేత ఎంగిలి అంటలేదని వారి తీర్మానము. పెద్దలు నేర్పిన నియమమును తప్పరాదు. స్నేహితునకు పెట్టకయు ఉండరాదు. ఆ రెంటి నడుమ పిల్లలు కనిపెట్టిన ఉపాయమది. చట్టమునకు, ప్రేమకు తగవు వచ్చినపుడు పసిమనసు ప్రేమ పక్షమే వహించుననుటకు కాకెంగిలియే నిదర్శనము. పెరిగి పెద్దయైన పిదప ఆ ఉపాయము మరచిపోవుటయే వింత.

శుచి వేరు, మైల వేరు

ఇక్కడ నొక ఆక్షేపణ వచ్చును. “ఎంగిలి పాటించుట మూఢాచారమని యెట్లనవచ్చును? ఉమ్మి ద్వారా రోగములు వ్యాపించుననుట వైద్యులు చెప్పు మాటయే గదా! పెదవి తగులకుండ ఎత్తి పోసికొని త్రాగుట మంచి యలవాటే గదా!” ఆక్షేపణ సమంజసమైనదే. 2020లో కరోనా వ్యాధి లోకమును చుట్టుముట్టినపుడు నోటి తుంపరలను గూర్చి పసివారికి సైతము తెలిసినది. ఒకరు త్రాగిన గ్లాసును కడుగక మరియొకరు త్రాగరాదనుటలో తప్పులేదు. శుచిని విడువుమని ఏ ధర్మమును చెప్పదు.

కాని శుచికిని మైలకును భేదము కనిపెట్టుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. శుచి నియమము రెండువైపుల నుండియు సమానముగా వర్తించును. యజమాని త్రాగిన గ్లాసును పనివాడు కడిగియే త్రాగవలెను. పనివాడు త్రాగిన గ్లాసును యజమానియు కడిగి త్రాగవలెను. సబ్బునీటికి ఇరువురి నోళ్లును ఒకటే. కడిగిన వెంటనే గ్లాసు శుభ్రమైనది. అంతటితో ఆ ప్రసక్తి ముగిసినది. మైల యట్లు కాదు. అది ఒకే దిక్కునకు ప్రవహించును. పైవాని ఎంగిలి క్రిందివానికి దోషము కాదు. క్రిందివాని ఎంగిలి పైవానికి మహాదోషము. ఎన్నిమారులు తోమినను ఆ గ్లాసు గూటిలోని మిగిలిన గ్లాసులతో కలియదు. సబ్బుతో పోవునది మురికి. సబ్బుతో పోనిది మురికి కాదు, మనసులోని మెట్లు.

ఈ పరీక్షను ఇంటి లోపలనే పెట్టి చూడవచ్చును. భర్త తిని లేచిన విస్తరిలో భార్య భుజించుట పలు కుటుంబములలో నిన్నమొన్నటి వరకు ఆచారముగా నుండెను. దానిని పతిభక్తి యనిరి. భార్య తిన్న విస్తరిలో భర్త కూర్చుండుట మాత్రము ఎవరును వినియెరుగరు. ఉమ్మిలోనే దోషమున్నచో భర్త ఉమ్మియందును ఉండవలెను. లేనిచో భార్య ఉమ్మియందును ఉండరాదు. ఒకరి ఎంగిలి భక్తికి గురుతై, మరియొకరి ఎంగిలి అపచారమైనపుడు, అక్కడ మాటలాడుచున్నది ఆరోగ్యశాస్త్రము కాదు, అధికారము.

వీధిలోనికి వచ్చినచో ఇదియే మరింత కఠినరూపము దాల్చినది. పల్లెల టీ దుకాణములలో రెండు రకముల గ్లాసులుంచు దురాచారము అందరెరిగినదే. ఒక రకము అందరికి. రెండవ రకము ఊరి వెలుపలి వాడలవారికి, అదియు త్రాగినవారే కడిగి పెట్టవలెను. భారత రాజ్యాంగము 1950లో అమలునకు వచ్చినపుడు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టము, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమను పేరు దాల్చినది, హోటళ్లలో అందరికొరకు ఉంచిన పాత్రలను వాడుకొననీయకుండుట శిక్షార్హమైన నేరమని విడిగా పేర్కొనవలసి వచ్చినది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమున ఎంచబడిన నేరములలో మొదటిది, తినరాని వస్తువును బలవంతముగా తినిపించుట, త్రాగించుట. దేశపు శాసనసభ కూర్చుండి గ్లాసును గూర్చియు, నోటిని గూర్చియు శాసనము వ్రాయవలసి వచ్చినదన్నచో, ఈ మూడక్షరముల మాట ఎంతమంది గుండెలను కోసినదో ఊహింపవచ్చును.

ఓంప్రకాశ్ వాల్మీకి హిందీలో వ్రాసిన ఆత్మకథ 1997లో వెలువడినది. దాని పేరే ‘జూఠన్’. అనగా ఎంగిలి మెతుకులు. పెండ్లి విందులలో అతిథులు తిని విడిచిన విస్తళ్లలోని పదార్థములే ఊరు తుడుచువారి కూలిగా నుండిన కాలమును ఆ గ్రంథము చిత్రించినది. ఒక పెండ్లినాడు తన బిడ్డలకొరకు మంచి అన్నము కాసింత అడిగిన తల్లిని ఇంటి యజమాని అవమానించెను. ఆమె ఎంగిలి విస్తళ్లతో నిండిన గంపను అక్కడనే క్రుమ్మరించి, బిడ్డల చేయి పట్టుకొని వచ్చివేసెను. మరల ఆ గడప త్రొక్కలేదు. ఇతరుల ఎంగిలి తినుట తన ధర్మము కాదని ఆ తల్లికి ఏ శాస్త్రమును చెప్పలేదు. ఆమె ఆత్మయే చెప్పినది.

శరణులు చెప్పినది

ఈ కాపట్యమును పండ్రెండవ శతాబ్దియందే గుర్తించిన మహనీయులు కల్యాణమున కలరు. వీరశైవ ధర్మము లింగధారికి ఐదు సూతకములు లేవని ప్రకటించినది. జనన సూతకము, జాతి సూతకము, ప్రేత సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము అను ఐదింటిలో ఎంగిలి మైల యొకటి. ఈ యైదింటిని ఒకే వరుసలో ఉంచుట ఊరక జరిగినది కాదు. పుట్టుక, కులము, చావు, స్త్రీదేహము, నోరు – ఈ ఐదు ద్వారములగుండనే మైల యను భావము సమాజములోనికి ప్రవేశించి మనిషిని మనిషికి దూరము చేసినది. ఒక్క ద్వారము తెరచియుంచి మిగిలిన నాలుగు మూసినను దొంగ లోనికి వచ్చును. అందుచేత శరణులు ఐదింటిని కలిపియే మూసివేసిరి.

బసవేశ్వరుని వచనములలో ‘ఎంజలు’ అను మాటతోనే నడచునది యొకటి కలదు. దేవునకు అర్పింపబోవు పాలు, నీరు, పూవు మూడును అప్పటికే ఏదో యొక ప్రాణి నోట పడినవే యను భావము అందున్నది. ఈ ఊహ చిన్నదిగా తోచును గాని దాని బలము గొప్పది. లేగదూడ కుడువనిదే ఆవు చేపదు. చేపలు లేని చెరువు లేదు. తుమ్మెద వ్రాలని పూవు దొరుకదు. ఎంగిలి కాని వస్తువు కొరకు వెదకువాడు లోకమంతయు గాలించి వట్టిచేతులతో తిరిగి రావలసినదే. జీవమున్నచోట నోరున్నది, నోరున్నచోట ఎంగిలి యున్నది. ఎంగిలి దోషమైనచో సృష్టియే దోషము. అట్లు కాదందుమా, దూడ నోటికి లేని మైల మానవుని నోటికి మాత్రము ఎక్కడినుండి వచ్చినది?

పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదగా రచించిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. ఆ పురాణము తెలుగు కన్నడ వీరశైవుల ఇండ్ల రెంటను దీపమై వెలిగినది. అందు కన్నప్ప కథ కలదు. వేటకాడైన కన్నప్ప శ్రీకాళహస్తి లింగమునకు మాంసమును కొరికి రుచి చూచి, మంచిది ఏరి పెట్టెను. చేతులు ఖాళీ లేనందున నోట పుక్కిట పట్టి తెచ్చిన నీటితో అభిషేకించెను. నియమనిష్ఠలు గల పూజారి దానిని చూచి తల్లడిల్లెను. పూజారి కంటికి కనబడినది ఉమ్మి. శివుని కంటికి కనబడినది “నా స్వామికి మంచిది పెట్టవలెను” అను ఆత్రము. తన కంటినే పెరికి ఇచ్చిన నాడు కాదు, మాంసమును కొరికి చూచిన నాడే కన్నప్ప భక్తి పూర్ణమైనది. ఏలయన, తల్లి తప్ప మరియెవరును బిడ్డకు పెట్టుటకు ముందు వేడి చూచి, రుచి చూచి పెట్టరు.

ఆ పురాణమందే మాదర చెన్నయ్య కథయు కలదు. చెప్పులు కుట్టు కులమున పుట్టిన చెన్నయ్య అంబలిని శివుడు ఆరగించి, చోళరాజు పెట్టిన నైవేద్యమును ముట్టకపోయెను. రాజు వంటశాలయందు మడి యెంత కట్టుదిట్టముగా జరిగియుండునో! అయినను దేవుని నోరు అంబలినే కోరినది. నోరు ఎవరిదైనను అది కోరునది ప్రేమనే యని కథ చెప్పుచున్నది.

ప్రసాదమునకును ఒక పరీక్ష

వీరశైవుల అష్టావరణములలో ప్రసాదము ఒకటి. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను ఎనిమిదింటిలో అది నోటికి సంబంధించినది. షట్స్థలములలో మూడవ మెట్టునకు ‘ప్రసాది’ యనియే పేరు. గురులింగజంగమములకు అర్పించిన శేషమే ప్రసాదము గనుక, బయటివారు దానిని ఎంగిలి యనవచ్చును. పేరులోనే భేదమున్నది. ప్రసాదమను పదమునకు నిర్మలమగుట, తేరుకొనుట, ప్రసన్నమగుట యని యర్థము. కలకబారిన నీరు తేటపడినట్లు మనసు తేటపడుటయే ప్రసాదము. ఒకే అన్నము చూపును బట్టి ఎంగిలియు నగును, ప్రసాదమును నగును.

కాని ఇక్కడనే జాగ్రత్త వలయును. ఎంగిలికి మ్రొక్కినంత మాత్రమున మైల తొలగదు. ఒక్కొక్కచో మరింత బలపడును. కర్ణాటకమున కుక్కె సుబ్రహ్మణ్య క్షేత్రమందు బ్రాహ్మణులు భుజించిన ఆకులపై ఇతరులు పొర్లు ‘మడెస్నానము’ అను ఆచారము నడచినది. ఎంగిలాకులే చర్మవ్యాధులు మాన్పునని నమ్మిక. 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసినది. 2017లో కర్ణాటక రాష్ట్రము చేసిన అమానుషాచార నిషేధ చట్టము ఇట్టిదానిని నేరముగా నెంచినది. అచ్చట ఎంగిలిని ఏవగించుకొనలేదు, పూజించిరి. అయినను అది సమత్వము కాలేదు. ఏలయన, పుట్టుకను బట్టి ఒకరి ఎంగిలి ఔషధమై, మరియొకరి నీడ సైతము దోషమైనది. దిక్కు మారలేదు, పేరు మాత్రమే మారినది.

అట్లైనచో ప్రసాదమును ఏమని సమర్థింతుము? జంగమ ప్రసాదమును కన్నుల కద్దుకొనువాడు అదే పరీక్షకు నిలువగలడా? ఈ ప్రశ్నను వీరశైవులు తప్పించుకొనరాదు. బసవ ధర్మమున దీనికి సమాధానము ఇష్టలింగమందున్నది. ఆ లింగము ఒక కులము వారి మెడలో మాత్రమే వ్రేలాడునది కాదు. చెప్పులు కుట్టువాడును, బట్టలుతుకువాడును, మంత్రియు దానిని ఒకే తీరున అరచేత నుంచి పూజింపవలెను. తినబోవు అన్నమును దానికి అర్పించియే తినవలెను. కావున ప్రతి భక్తుని విస్తరియు లింగము విస్తరియే. ప్రతి భక్తుని శేషమును లింగశేషమే. అన్నమునకు పవిత్రత ఇచ్చునది తినువాని జన్మము కాదు, అర్పించువాని భావము. ఆ భావము అందరికిని సాధ్యము గనుక ప్రసాదము అన్ని దిక్కులకును ప్రవహించును. ఒకవైపునకే ప్రవహించు ప్రసాదము ప్రసాదము కాదు. విభూతి పూసికొన్న మైల.

ఆచారవంతులైన వీరశైవులలో విస్తరియందు గాని పళ్లెమునందు గాని మెతుకు విడువకుండుట, పళ్లెమును కడిగి ఆ నీటిని సైతము త్రాగుట యను నియమము కలదు. చూచువారికి అది వింతగా తోచును. కాని ‘ఎంగిలి’ యను పదము పుట్టుకను గుర్తుంచుకొనినచో దాని లోతు తెలియును. ఎంగిలి యనగా మిగిలినది గదా! ప్రసాది ఏమియు మిగుల్చడు. మిగులనిచోట ఎంగిలియే లేదు. తాను మిగిల్చినదానిని ఇంకొకరు ఎత్తవలసిన అగత్యము కల్పింపకుండుటయే ఎంగిలి మైలను మూలచ్ఛేదము చేయు మార్గము. ఒకడు విస్తరి నిండ వడ్డించుకొని, సగము తిని, సగము విడిచి లేచినపుడే ఆ విస్తరి నెత్తుటకు వేరొకడు కావలసివచ్చెను. ఆ వేరొకనికి ఒక కులము కావలసివచ్చెను. మితిమీరిన వడ్డనలో నుండియే ‘జూఠన్’ పుట్టినది. నేడు పెండ్లిపందిళ్ల వెనుక కుప్పలుగా పడు అన్నమును చూచినచో ఈ నియమమును మరచుట ఎంత దూరము పోయినదో తెలియును.

ఇండ్లకును మఠములకును

తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారి (1907–2019) కాలమున కులమతభేదము లేక వేలాది విద్యార్థులకు అన్నము, విద్య, వసతి ఉచితముగా లభించినవి, నేటికిని లభించుచున్నవి. అక్కడ పంక్తిలో ప్రక్కనున్నవాడు ఏ వాడ నుండి వచ్చెనో ఎవరును అడుగరు. దాసోహమను మాటకు నిజమైన వ్యాఖ్యానము గ్రంథములలో కాదు, అట్టి పంక్తులలో కనబడును.

అందుచేత ప్రతి వీరశైవ గృహము తన గూటిలోని గ్లాసులను ఒక్కమారు లెక్కించి చూచుకొనవలెను. అంట్లు తోము అమ్మకు టీ పోయు గ్లాసు మిగిలిన గ్లాసుల ప్రక్కనే యున్నదా, లేక కిటికీ వెలుపలి గట్టుపై ఒంటిగా బోర్లించియున్నదా? వెలుపలనున్నచో ఆ యింట ఇష్టలింగ పూజ ఎంత నిష్ఠగా జరిగినను ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము రెండును ఇంకను కాపురమున్నవని యర్థము. ఆమె చేతులతో తోమిన గిన్నెలలోనే లింగమునకు నైవేద్యము పెట్టుదురు; ఆమె పెదవి తాకిన గ్లాసు మాత్రము అంటరానిదగును. ఈ వైరుధ్యమును ఏ ఆగమమును సమర్థింపజాలదు.

ప్రతి మఠమును తన దాసోహ పంక్తిని పరీక్షించుకొనవలెను. ఉత్సవమునాడు అందరికి అన్నము పెట్టుట గొప్పయే; కాని అందరు ఒకే పంక్తిని, ఒకే వేళ, ఒకే వడ్డనలో కూర్చుండుట అంతకంటె గొప్ప. మొదటి పంక్తికి ఒక వంటకము, కడపటి పంక్తికి మిగిలినది యన్నచో, అక్కడ ‘మిగిలినది’ అను మాట మరల తన పాత గాయమును రేపును.

శుచిని విడువవలసిన పని లేదు. గ్లాసు కడిగియే త్రాగవలెను. చేయి కడిగియే వడ్డింపవలెను. బిడ్డకు “ఎంగిలి” యని తల్లి చెప్పుచునే యుండవలెను. కాని అడిగిన బిడ్డకు కారణమును కూడ చెప్పవలెను: “నీ నోటికి, వారి నోటికి ఇదే నియమము; కడిగిన తరువాత ఎవరి గ్లాసైనను ఒకటే” అని. ఆ రెండవ మాట చెప్పగలిగిన తల్లి నోట ఎంగిలి యను పదము మరల తన పుట్టింటికి చేరును. మైలను దిగవిడిచి, మిగిలినదను తన మొదటి యర్థమునే మోయును. అప్పుడు విచారింపవలసినది ఒక్కటే యుండును: మిగిలినదానిని ఎవరు ముట్టిరని కాదు, అది ఎవరికి అందినదని.